ఈశాన్య గాలి కోసం ఆగనివాళ్ళు

(బందరులో విద్యార్థులు, పట్టణవాసుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మొదట ఈ వస్తువు చూడండి. వెనుక కూర్చున్నవారికి కనిపించకపోవచ్చు కాబట్టి చెబుతాను. శుభలేఖలో సగం ఉండే అట్టముక్క. నడుమ చిన్న చిల్లు. ఆ చిల్లులోంచి మూరెడు దారం, దారానికి అక్కడక్కడ ముడులు. అంతే. నిన్న సాయంత్రం నేనే కత్తిరించి చేశాను. అరబ్బు నావికులు దీన్ని కమాల్ అనేవారు. వాళ్ళది చెక్కతో చేసింది. ముడిని పళ్ళ మధ్య పట్టుకుని, దారం బిగువుగా నిలిచేలా పలకను ముందుకు చాపాలి. కింది అంచు నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతను తాకాలి, పై అంచు ధ్రువ నక్షత్రాన్ని తాకాలి. ఏ ముడి దగ్గర రెండూ కుదిరితే, భూమధ్యరేఖకు మీరు అంత ఉత్తరాన ఉన్నట్టు. తెలిసిన రేవుకు ఒక ముడి వేసి ఉంచుకుంటే చాలు. ఆ ముడి కుదిరేదాకా ఉత్తరానికో దక్షిణానికో ఓడ నడిపి, అక్కడి నుంచి తూర్పుకో పడమరకో తిరిగితే రేవు తగులుతుంది. ఆ నక్షత్రపు ఎత్తును వాళ్ళు ఇస్బాలలో కొలిచేవారు. అరబ్బీలో ఇస్బా అంటే వేలు. మన అంగుళం కూడా వేలి నుంచి పుట్టిన కొలతే.

రాత్రి మేడ మీద నిలబడి దీనితో ధ్రువ నక్షత్రాన్ని పట్టి చూశాను. బందరులో అది 16 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఎదురుగా ఉన్నవి చెట్ల తలలు, సెల్ టవరు. కింది అంచు దేనికి ఆనించాలో తేల్చుకోవడానికే చాలా సేపు పట్టింది. కాళ్ళ కింద నేల కదలని చోటే ఇంత కష్టమైతే, ఊగే ఓడ మీద, రాత్రివేళ, ఒడ్డు కనిపించని చోట దీన్ని పళ్ళతో పట్టుకుని నిలబడిన మనుషుల మీద నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది.

"1498లో వాస్కో డ గామా భారతదేశానికి సముద్ర మార్గం కనుగొన్నాడు." ఈ వాక్యాన్ని నేను ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత చదివించాను. తప్పని అనను. కానీ అందులో గాలి లేదు. తెరచాప ఓడల కాలంలో సముద్రం మీద దారి వేసేది గాలే. ఆ దారిలో పడమటి సగాన్ని పోర్చుగీసువాళ్ళు తరాల తరబడి కష్టపడి తామే నేర్చుకున్నారు. తూర్పు సగం ఈ సముద్రం వాళ్ళకు ఎప్పుడో తెలుసు. వచ్చేటప్పుడు వాళ్ళు ఆ తెలిసినవాళ్ళను అడిగారు, క్షేమంగా వచ్చారు. వెళ్ళేటప్పుడు ఆగలేదు. ఏమైందో చెబుతాను.

ముందు ఒక చిన్న చిక్కు విప్పాలి. 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్నారు, తూర్పు దారి మూసుకుపోయింది, అందుకే ఐరోపావాళ్ళు సముద్రం మీద పడ్డారు అని మనం చదువుకున్నాం. తేదీలు చూడండి. పోర్చుగీసువాళ్ళు ఆఫ్రికా తీరాన సెవుటాను పట్టుకున్నది 1415లో. గిల్ ఇయానిష్ అనే నావికుడు బొజదోర్ అగ్రాన్ని దాటింది 1434లో. కాన్‌స్టాంటినోపుల్ పతనానికి 19 ఏళ్ళ ముందే వాళ్ళు దక్షిణానికి బయలుదేరారు. ఇక మిరియాల సంగతి. అవి ఎర్ర సముద్రం మీదుగా ఈజిప్టుకు, అలెగ్జాండ్రియా రేవుకు చేరేవి. వెనీసువాళ్ళు అక్కడ కొనుక్కునేవారు. ఈజిప్టు తురుష్కుల చేతికి వచ్చింది 1517లో, అంటే గామా కాలికట్ చేరిన 19 ఏళ్ళకు. దారి మూసుకుపోలేదు, ఖరీదైన దారి, అంతే. చేతులు మారిన ప్రతి చోటా ధర పెరిగేది. పోర్చుగల్‌కు ఆ సంతలో చోటు లేదు. పైగా పశ్చిమాఫ్రికా బంగారం మీద ఆశ ఉంది, మతావేశం ఉంది, తూర్పున ఎక్కడో ఒక క్రైస్తవ రాజు ఉన్నాడన్న నమ్మకం ఉంది. ఇవన్నీ కలిసి వాళ్ళను తోశాయి.

ఇప్పుడు గాలి దగ్గరికి వద్దాం. పోర్చుగల్ నుంచి ఆఫ్రికా పడమటి తీరం వెంట దిగడం సులభం. ఈశాన్య వ్యాపార పవనాలు వీపు మీద ఉంటాయి, సముద్ర ప్రవాహమూ అటే లాగుతుంది. కష్టమంతా తిరిగి రావడంలో. పోయేటప్పుడు తోసిన గాలి వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. ఎడారి తీరం, మంచినీళ్ళు దొరకవు. బొజదోర్ దాటినవాడు వెనక్కి రాడన్న భయంలో అబద్ధం లేదు. ఆ భయానికి నావికులు కనిపెట్టిన మందు వినడానికి వింతగా ఉంటుంది. ఇంటికి పోవాలంటే ఇంటి వైపు పోకూడదు. తీరాన్ని వదిలేసి వాయవ్యంగా నడిసముద్రంలోకి పోవాలి. అలా అజోర్స్ దీవుల దాకా పోతే పశ్చిమ పవనాలు అందుతాయి, అవి పోర్చుగల్‌కు చేరుస్తాయి. దీన్ని వాళ్ళు వోల్టా దో మార్ అన్నారు, సముద్రపు మలుపు అని అర్థం. ఐరోపా నౌకాయానంలో ఇంతకంటే గొప్ప పాఠం నాకు కనిపించదు. నేల కనిపిస్తేనే ధైర్యం అనుకునే మనిషి, నేలను వదిలితేనే ఇల్లు చేరతానని నమ్మడానికి ఎంత గుండె కావాలి!

1487 ఆగస్టులో బార్తొలొమ్యూ డయాస్ బయలుదేరాడు. ఆఫ్రికా కొస దగ్గర వాతావరణం తిరగబడి ఓడలు దక్షిణానికి కొట్టుకుపోయాయి. చాలా రోజులు నేల లేదు. సర్దుకున్నాక తూర్పుకు తిరిగాడు, తీరం తగల్లేదు. ఉత్తరానికి తిరిగాడు. 1488 ఫిబ్రవరి మొదట్లో తీరం కనిపించింది, కానీ అది తూర్పుకు పోతోంది. ఆఫ్రికా కొసను చూడకుండానే దాటేశాడన్నమాట. ఇంకా ముందుకు పోదామన్నాడు, నావికులు ససేమిరా అన్నారు. వెనక్కి వచ్చేటప్పుడే ఆ కొసను కళ్ళారా చూశాడు. ఆయన తుఫానుల అగ్రం అన్నాడనీ, రాజు రెండో జాన్ దానికి గుడ్‌హోప్ అని పేరు మార్చాడనీ ఒక చరిత్రకారుడు రాశాడు. గామా ఓడల నిర్మాణాన్ని దగ్గరుండి చూసింది ఈ డయాసే. 1500లో కబ్రాల్ అనే పోర్చుగీసు నాయకుడి నౌకాదళంతో మళ్ళీ ఇటు వస్తూ, అదే అగ్రానికి చేరువలో రేగిన తుఫానులో ఓడతో సహా మునిగిపోయాడు. ఇండియాను ఆయన చూడలేదు.

అదే 1487లో రాజు మరో పని చేశాడు. పేరో ద కోవిల్యాఁ అనే అరబ్బీ తెలిసిన మనిషిని భూమార్గాన పంపాడు. ఆయన వ్యాపారి వేషంలో కైరో, ఏడెన్ మీదుగా వచ్చి కన్ననూరు, కాలికట్, గోవా చూశాడు. గామా కంటే సుమారు పదేళ్ళ ముందు! ఆఫ్రికా తూర్పు తీరంలో సొఫాలా దాకా వెళ్ళాడు. కైరో నుంచి రాజుకు నివేదిక పంపి ఇథియోపియాకు పోతే, అక్కడి ప్రభువు గౌరవంగానే చూశాడు కానీ తిరిగి వెళ్ళనివ్వలేదు. 1520లో పోర్చుగీసు రాయబారులు వెళ్ళేసరికి ముసలివాడై అక్కడే ఉన్నాడు. కాలికట్ వీధుల్లో నడిచి వచ్చిన ఈ మనిషి పేరు మన పుస్తకాల్లో ఎందుకు లేదో నాకు ఎప్పటికీ బాధే.

1497 జులై 8న గామా లిస్బన్ నుంచి బయలుదేరాడు. నాలుగు ఓడలు. సావ్ గాబ్రియెల్ మీద తాను, సావ్ రఫాయెల్ మీద అన్న పౌలో, బెర్రియో మీద నికొలావ్ కొయెల్యో, సరుకు మోసే ఓడ ఒకటి. మనుషులు సుమారు 170 మంది. ఆగస్టు 3న కేప్ వెర్డ్ దీవులు వదిలారు. డయాస్ తీరం వెంట తంటాలు పడుతూ పోయాడు. గామా ఆ మలుపు పాఠాన్నే దక్షిణార్ధంలో తిరగరాశాడు. తీరాన్ని వదిలి నైరుతిగా అట్లాంటిక్ లోపలికి పెద్ద విల్లులా వంగి పోయి, దక్షిణాన పశ్చిమ పవనాలు అందుకుని ఆఫ్రికా వైపు తిరిగాడు. మళ్ళీ నేల కనిపించింది నవంబరు 4న. 93 రోజులు! కానరీ దీవులు వదిలాక కొలంబస్‌కు నేల కనిపించడానికి పట్టింది 36 రోజులు. గామా యాత్రలో పోర్చుగీసువాళ్ళ సొంత ఘనత ఇదే. దీన్ని నిండు మనసుతో ఒప్పుకోవాలి.

నవంబరు 22న అగ్రం దాటారు. సరుకు ఓడను విప్పేశారు. ఆఫ్రికా తూర్పు తీరం ఎక్కుతూ మొజాంబిక్, మొంబాసా చూశారు. రెండు చోట్లా అనుమానాలు, తగాదాలు. నేరం ఒకవైపే లేదు, గామా మనుషులూ ఫిరంగులు పేల్చారు, ఓడలు దోచారు. 1498 ఏప్రిల్ మధ్యలో మాలింది చేరారు. అక్కడి సుల్తానుకు మొంబాసాతో పడదు కాబట్టి వీళ్ళను ఆదరించి, దారి తెలిసిన నావికుణ్ణి ఇచ్చాడు.

ఆ నావికుడెవరు? ప్రసిద్ధ అరబ్బు నావికాశాస్త్రవేత్త అహ్మద్ ఇబ్న్ మాజిద్ అని చాలా చోట్ల చదువుతారు. ఈనాటి పరిశోధకులు చాలామంది అది కాదంటారు. పోర్చుగీసు చరిత్రకారులు మాలెమో కానా అని ఒకరు, మాలెమో కానకా అని మరొకరు రాశారు, గుజరాతీ అన్నారు. ఇది పేరు కాదు. మాలెమో అంటే అరబ్బీ ముఅల్లిం, ఓడ నడిపే విద్య తెలిసినవాడు. కానకా అనేది మన గణక శబ్దమేనని పండితుల మాట. నక్షత్రాలు చూసి లెక్కకట్టే గణకుడు. రెండు భాషల్లోనూ ఆ మనిషి వృత్తే ఉంది కానీ, తల్లి పిలిచిన పేరు లేదు.

గామా ఆయనకు సూర్యుడి ఎత్తు కొలిచే తన ఆస్ట్రోలేబును చూపించాడట. ఆయన ఆశ్చర్యపోలేదు. ఎర్ర సముద్రం నావికుల దగ్గర ఇలాంటి పరికరాలు ఉన్నాయని చెప్పి, భారత తీరమంతా గీతలతో గీసిన పటం ఒకటి తీసి చూపించాడని పోర్చుగీసు చరిత్రకారుడే రాశాడు. గామా ఆయన్ను విడిచిపెట్టకూడదనుకున్నాడు.

ఏప్రిల్ 24న మాలింది నుంచి తెరలెత్తారు. నైరుతి గాలి అప్పుడే మొదలవుతోంది. మాలింది భూమధ్యరేఖకు దక్షిణాన మూడు డిగ్రీల దగ్గర ఉంది. అక్కడి నుంచి చూస్తే ధ్రువ నక్షత్రం కనిపించదు, సముద్రం కిందే ఉంటుంది. గామా ఓడల మీద ఉన్న ఒకాయన దినచర్య రాశాడు. అందులో నాకు ఇష్టమైన వాక్యం ఇక్కడ వస్తుంది. ఆ తర్వాతి ఆదివారం, చాలాకాలంగా కనిపించని ఉత్తర నక్షత్రాన్ని మళ్ళీ చూశాం అని రాసుకున్నాడు. నెలల తరబడి దక్షిణార్ధంలో తిరిగినవాళ్ళకు ఇంటి చుక్క మళ్ళీ నీళ్ళ మీదికి వచ్చింది. ఆ రాత్రే గణకుడి పలకకూ పని మొదలై ఉంటుంది. ఒకే చుక్కను ఒకరు ఇల్లు గుర్తొచ్చి చూశారు, ఇంకొకరు దారి కోసం చూశారు.

23 రోజులు! మే 18న మలబారు కొండలు కనిపించాయి. 20న కాలికట్ దగ్గర లంగరు వేశారు. మొదట ఒడ్డుకు పంపిన మనిషిని తునీసియా నుంచి వచ్చిన ఇద్దరు వర్తకులు చూశారు. వాళ్ళకు స్పానిష్ వచ్చు. నిన్ను దయ్యం ఎత్తుకుపోను, ఇక్కడికి ఎలా వచ్చావు అన్నారు. క్రైస్తవుల కోసం, సుగంధ ద్రవ్యాల కోసం అన్నాడు ఇతను. ప్రపంచాన్ని చుట్టి వచ్చామనుకున్న మనిషికి ఒడ్డున ఎదురైన మొదటి పలకరింపు తన పొరుగు భాషలోనే!

కాలికట్ రాజైన జామొరిన్‌కు గామా సిద్ధం చేసిన కానుకల జాబితా ఆ దినచర్యలో ఉంది. 12 చారల బట్టలు, 4 ఎర్ర ముసుగు టోపీలు, 6 మామూలు టోపీలు, 4 పగడాల దండలు, చేతులు కడుక్కునే గిన్నెలు 6, ఒక పెట్టె పంచదార, రెండు పీపాల నూనె, రెండు పీపాల తేనె. వాటిని చూసి రాజోద్యోగులు నవ్వారు. మక్కా నుంచి వచ్చే కడు పేద వర్తకుడైనా ఇంతకంటే మంచివి ఇస్తాడు, రాజుకు ఇవ్వాలంటే బంగారం ఇవ్వండి అన్నారు. ఆ 12 చారల బట్టలను గుర్తుంచుకోండి. బట్టలకు పేరుపడ్డ దేశానికి ఐరోపావాడు బట్టలు మోసుకొచ్చాడు.

మూడు నెలలు గొడవలు, అనుమానాలు, కాస్త బేరం. ఆగస్టు 29న కాలికట్ వదిలారు. కార్వార్ దగ్గర అంజదీవ్ దీవిలో ఓడలు బాగు చేసుకుని అక్టోబరు 5న సముద్రం మీదికి వచ్చారు.

గాలి సంగతి బందరు వాళ్ళకు నేను చెప్పాలా? నైరుతి వెనుదిరుగుతూ ఉంటుంది, ఈశాన్యం ఇంకా నిలదొక్కుకోదు. అక్టోబరులో అరేబియా సముద్రం మీద గాలి ఎటూ తేలదు. పడమటికి పోయే ఓడలు ఈశాన్యం కుదురుకునే దాకా రేవుల్లో ఆగేవి. ఆ ఆగడం పేరే ఋతువు. అరబ్బీలో మౌసిమ్, దాని నుంచే మాన్‌సూన్ అన్న మాట పుట్టింది. గామా ఆగలేదు. తరిమి వస్తారన్న భయం ఉంది, ఇంటి మీద బెంగ ఉంది. నేను ఆయన్ను నిందించను. కానీ సముద్రం భయాన్నీ బెంగనూ లెక్కలోకి తీసుకోదు.

23 రోజుల్లో దాటిన అదే సముద్రం. ఈసారి మూడు నెలలకు మూడు రోజులు తక్కువ. గాలి ఆగిపోయేది, లేస్తే ఎదురుగా లేచేది. దినచర్యలో ఆ పుటలు చదవడం కష్టం. చిగుళ్ళు వాచి పళ్ళ మీదికి పెరిగాయి, ఏమీ తినలేకపోయారు. కాళ్ళు పొంగాయి, ఒళ్ళంతా వాచి చచ్చిపోయారు, ఇంకే జబ్బూ లేకుండానే అని రాశాడు. తాజా కూర, పండు లేక వచ్చే స్కర్వీ అది. ఆ ఒక్క దాటులో 30 మంది పోయారు. ఒక్కో ఓడకు పనిచేయగలవాళ్ళు ఏడెనిమిది మంది మిగిలారు, వాళ్ళకూ ఒంట్లో బాగాలేదు. అనుకూలమైన గాలి వీస్తే వెనక్కి ఇండియాకే పోదామని నాయకులు నిర్ణయించుకున్నారు. ఇంకో పదిహేను రోజులు అలాగే ఉంటే ఓడ నడపడానికి మనిషి మిగిలేవాడు కాదని రాశాడు.

అప్పుడు గాలి తిరిగింది. ఆ సముద్రం మీద ప్రతి ఏటా తిరిగే గాలే. ఆరు రోజుల్లో నేల కనిపించింది. జనవరి 2, మొగదీషు తీరం. 7న మాలింది చేరారు. రోగులు నారింజపండ్ల కోసం తపించారు, సుల్తాను పంపాడు. కొందరికి అప్పటికే ఆలస్యమైంది, అక్కడే పోయారు. లిస్బన్ నుంచి బయలుదేరినవాళ్ళలో సగానికి పైగా ఇల్లు చేరలేదు. పౌలో డ గామా అజోర్స్ దాకా వచ్చి కన్నుమూశాడు. నిమ్మరసంతో ఈ జబ్బు కుదురుతుందని 1601లో ఆంగ్ల కెప్టెన్ లాంకాస్టర్ తన ఓడలో రోజూ ఉదయం మూడు చెంచాలు తాగించి చూపాడు. అయినా అది నౌకాదళాల్లో ఆచారం కావడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది. నిమ్మకాయ! తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మూడు ఓడలు నడపడానికి మనుషులు చాలక, మాలింది దాటాక సావ్ రఫాయెల్‌ను తగలబెట్టారు. దాని మీద ఉన్న రఫాయెల్ దేవదూత కొయ్యబొమ్మను మాత్రం తీసి దాచుకున్నారు. అది ఇప్పటికీ లిస్బన్ నౌకా మ్యూజియంలో ఉంది.

ఆ తర్వాతి కథలో క్రూరత్వం ఉంది. 1502లో గామా రెండోసారి వచ్చినప్పుడు మక్కా యాత్ర నుంచి వస్తున్న ఓడను ఆడవాళ్ళు, పిల్లలు అని చూడకుండా తగలబెట్టించాడు. సాహసాన్ని చెప్పిన నోటితో దీన్నీ చెప్పకపోతే పాపం. అయితే ఈ సాయంత్రం నేను ఆ 12 చారల బట్టల దగ్గరికి తిరిగి వెళ్ళాలి.

ఈ ఊరి కథ అక్కడే కలుస్తుంది. నూరేళ్ళు గడిచాక డచ్చివాళ్ళు జాజికాయ, లవంగాల కోసం తూర్పు దీవులకు పోతే, అక్కడివాళ్ళు అడిగింది బట్ట. అది కూడా ఐరోపా ఉన్ని కాదు, కోరమాండల్ తీరపు నూలు బట్ట. అలా డచ్చివాళ్ళు 1605లో గోల్కొండ రాజ్యపు రేవైన మన మచిలీపట్నానికి వచ్చారు. 1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. వాళ్ళ వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ ఇక్కడ నెలల తరబడి ఉండి బట్టలు సేకరించుకుని, వాటిని జావా దీవిలోని బాంటం, మలయా ద్వీపకల్పంలోని పటానీ రేవులకు తీసుకుపోయాడు. బట్టకు అద్దే చిరివేరు ఎరుపు రంగు కోసం నిజాంపట్నంలోనూ మనుషుల్ని పెట్టారు. మిరియాల కోసం మొదలైన వెతుకులాట చివరికి మన అద్దకంవాళ్ళ గుమ్మం ముందు నిలబడింది. పెడనలో ఇప్పటికీ అచ్చులు కొడుతున్న చేతుల వెనుక ఆ కాలం ఉంది.

వాళ్ళకంటే ముందు వచ్చినవాళ్ళూ ఉన్నారు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఎర్ర సముద్రపు దారి పుస్తకంలో మసాలియా తీరం ఉంది. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని రాశాడు. అది ఈ కృష్ణా ముఖద్వారమేనని చరిత్రకారులు గుర్తించారు. ఆ గ్రీకులూ నైరుతి గాలి మీదే వచ్చారు. పర్షియన్‌లో బందర్ అంటే రేవు. ఈ ఊరిని ఆ మాటతోనే పిలుచుకుంటున్నాం, ఇంకేదో ఊరి పేరు తగిలించకుండా.

వేళ మించింది. పిల్లలూ, ఆకాశం తేటగా ఉంది. ఈ పలక, దారం బల్ల మీద ఉంచుతున్నాను. చూడాలనుకునేవాళ్ళు నాతో బయటి మైదానంలోకి రండి. దక్షిణపు గోడ దగ్గర నిలబడితే ఉత్తరాన చెట్లు తక్కువ, ధ్రువ నక్షత్రం బాగా కనిపిస్తుంది. ముడి మాత్రం పళ్ళతోనే పట్టుకోవాలి, చేత్తో పడితే కొలత తప్పుతుంది.